కొసలు కోసిన సగటు

సగటును చెడగొట్టడానికి ఒక్క అంకె చాలు. వరి పంట కోత ప్రయోగాల ఫలితాలను ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నామనుకోండి. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల ముక్కలో కోసి, నూర్చి, తూచిన ధాన్యం తొమ్మిది చోట్ల 12, 13, 11, 14, 12, 13, 12, 11, 13 కిలోలు వచ్చింది. పదో చోట 12.9. ఆ పదోదాన్ని ఎక్కించేటప్పుడు మధ్యలో చుక్క పడలేదు. గడిలో 129 కూర్చుంది. సగటు అడిగితే 24 అని వస్తుంది. తొమ్మిది ముక్కల్లో ఒక్కటీ పదిహేను కిలోలు దాటలేదు, సగటు మాత్రం ఇరవై నాలుగు. పాతిక చదరపు మీటర్ల తూకాన్ని ఎకరాకు తేవాలంటే సుమారు 162తో గుణించాలి. అంటే ఎకరానికి రెండు టన్నులు పండిన ఊరు, ఒక్క చుక్క లేకపోవడం వల్ల, కాగితం మీద దాదాపు నాలుగు టన్నులు పండించేసింది.

ఇలాంటప్పుడు ఆదుకోవడానికి ఎక్సెల్‌లో ట్రిమ్‌మీన్ అనే ఫార్ములా ఉంది. అంకెలు ఏ గడి నుంచి ఏ గడి దాకా ఉన్నాయో చెప్పాలి, మొత్తంలో ఎంత భాగం వదిలేయాలో చెప్పాలి. 20 శాతం అంటే పదింటిలో రెండు: పై కొస నుంచి ఒకటి, కింది కొస నుంచి ఒకటి. 129 పోతుంది, ఒక 11 పోతుంది, మిగిలిన ఎనిమిదింటి సగటు 12.5 వస్తుంది. చేటలో చెరిగి తాలు తీసేసినట్టు పని తేలిగ్గా అయిపోతుంది. ఒక మెలిక మాత్రం తెలిసి ఉండాలి. రెండు వైపులా సమానంగా తీయాలి కనుక, తీసేయాల్సిన సంఖ్యను ఆ ఫార్ములా కిందికి, సరిసంఖ్యకు దించుకుంటుంది. పదింటిలో 10 శాతం వదిలేయమంటే లెక్కకు ఒకటి వస్తుంది. ఒకదాన్ని రెండు కొసలకు పంచలేదు కాబట్టి ఏదీ తీయదు. మళ్లీ 24 చూపిస్తుంది, ఏ హెచ్చరికా లేకుండా. ఫార్ములా వేశాం కాబట్టి చెత్త పోయి ఉంటుందని మనం నిశ్చింతగా ఫైలు పైకి పంపిస్తాం.

నేను గణాంక శాఖలో పనిచేసిన ఏళ్లన్నీ ఇలాంటి గడుల మధ్యే గడిచాయి. ఆ పని మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. అందుకే ఇక్కడ ఒక చిన్న సంగతి దగ్గర ఆగాలనిపిస్తుంది. పై ఉదాహరణలో 129 తప్పు అంకె. 11 నిజం అంకె. ఎవరి పొలంలోనో గట్టు వారన, లేక చెట్టు నీడన, పైరు కాస్త పలచగా ఉన్న చోట ముక్క పడింది, పదకొండు కిలోలే వచ్చింది. రాండమ్ నంబరు ఎక్కడ చూపిస్తే అక్కడే మేకులు పాతాలి, పైరు బాగున్న చోటు చూసి పాతకూడదు అనేదే ఆ ప్రయోగానికి ప్రాణం. ఆ నియమం ప్రకారం ఎండలో నిలబడి కోయించి తెచ్చిన 11ను ఫార్ములా 129తో పాటే బయట పడేసింది. దానికి కనబడేది వరుసలో చోటు ఒక్కటే. ఎవరు అబద్ధం, ఎవరు నిజం అన్నది దానికి పట్టదు. ఇక్కడ అసలైన మందు వేరే ఉంది. కట్టలోంచి ఆ ఫారం బయటికి తీసి చూడటం. చుక్క కనబడుతుంది, 12.9 అని దిద్దుతాం, పదీ ఉంటాయి, సగటు 12.39. రెండు నిమిషాల పని.

అయినా కొసలు కోయడాన్ని నేను మొత్తంగా తప్పుపట్టను. ఒలింపిక్స్‌లో ఎత్తు నుంచి నీళ్లలోకి దూకే డైవింగ్ పోటీ చూసే ఉంటారు. ఏడుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. ఎక్కువ వేసిన రెండూ, తక్కువ వేసిన రెండూ తీసేసి, మధ్యలో మిగిలిన మూడింటిని కలిపి, దూకుడు ఎంత కష్టమైనదో ఆ గుణకంతో హెచ్చిస్తారు. ఇది న్యాయం. ఎందుకంటే దూకింది ఒక్కసారి, ఒక్క మనిషి. ఏడుగురూ చూసింది అదే దూకుడు. మార్కుల్లో తేడా వచ్చిందంటే ఆ తేడా చూసిన కళ్లలో ఉంది. తన దేశం వాడని ఒకరు ఎక్కువ వేసి ఉండొచ్చు, మరొకరు మరీ పట్టుదలకు పోయి ఉండొచ్చు. కొసలు తీసేస్తే పోయేది ఆ పక్షపాతమే. దూకుడులోంచి ఏమీ పోదు.

ఇప్పుడు ఇదే పద్ధతిని పొలంలోకి తీసుకురండి. 1821లో ఫ్రాన్సులో ఒక గణిత పత్రికలో, పేరు పెట్టుకోని రచయిత ఒకరు, అక్కడి కొన్ని ప్రాంతాల వాడుక గురించి రాశారు. ఒక భూమి సగటున ఎంత పండుతుందో తేల్చాలంటే వరుసగా ఇరవై ఏళ్ల పంట చూస్తారట. బాగా పండిన ఒక ఏడాదినీ, బాగా దెబ్బతిన్న ఒక ఏడాదినీ తీసేసి, మిగిలిన పద్దెనిమిదింటి సగటు కడతారట. కంప్యూటరు ఊహలో కూడా లేని కాలానికే రైతులకు ట్రిమ్‌మీన్ తెలుసన్నమాట. చదివినప్పుడు ముచ్చటేసింది. తర్వాత ఆలోచిస్తే ఒక ప్రశ్న మిగిలింది. ఇరవై ఏళ్లంటే ఒకే దూకుడును చూసిన ఇరవై జతల కళ్లు కావు కదా. అవి ఇరవై వేరువేరు సంగతులు. ఒక్కో ఏడాదీ నిజంగా వచ్చింది, ఒక్కో ఏడాదీ ఎవరో ఒకరు తిన్నారు, లేదా పస్తున్నారు. తీసేసిన ఏడాదిలో కొలత తప్పు లేదు. ఉన్నదల్లా ఆ ఏడాది కష్టమే.

ఒకే దాన్ని పలువురు కొలిచినప్పుడు కొసలు కోయడం ఒకటి. పలు సంగతులు జరిగినప్పుడు వాటి కొసలు కోయడం మరొకటి. ఎక్సెల్‌లో రెండింటికీ ఫార్ములా ఒకటే. ఈ తేడా పట్టుకోవాల్సింది కుర్చీలో కూర్చున్న మనిషి. అంతెందుకు, మొదటి రకంలో కూడా తొందరపడొద్దని గణితవేత్త డేనియల్ బెర్నౌలీ 1777లోనే ఖగోళ శాస్త్రజ్ఞులతో వాదించాడు. పరిశీలన జరుగుతుండగా ఏదైనా పొరపాటు జరిగి అనుమానం వచ్చిందా, తీసేయండి. మిగతావాటికి దూరంగా పడిందన్న ఒక్క కారణంతో తీసేయొద్దు. ఇదీ ఆయన వాదం. రెండు వందల యాభై ఏళ్లు కావస్తున్నా నాకు ఇంతకంటే మంచి నియమం కనబడలేదు.

పంటల బీమా దగ్గరికి వస్తే ఈ తేడా డబ్బు రూపంలో కనబడుతుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016లో మొదలైంది. ఊరికి ఒక హామీ దిగుబడి కడతారు. ఆ ఏడాది పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడి దానికంటే తగ్గితే, తగ్గిన మేరకు పరిహారం. హామీ దిగుబడి కట్టడానికి గత ఏడేళ్ల అంకెలు చూస్తారు. మొదట ఉన్న నిబంధన ప్రకారం, ఏడేళ్లలో ప్రభుత్వం విపత్తు సంవత్సరాలుగా ప్రకటించినవాటిని, రెండుకు మించకుండా, వదిలేసి సగటు కట్టాలి. 2018లో సవరించాక ఏడింటిలో మేలైన అయిదేళ్ల సగటు అయింది. దాన్ని పంటకున్న ముప్పును బట్టి 70, 80 లేదా 90 శాతంతో గుణిస్తారు. పైకి చూస్తే రెండు నిబంధనలూ ఒకటే అనిపిస్తాయి, చెడ్డ ఏళ్లు రెండు పోతాయి అంతే కదా అని. మొదటిది కారణం చూసి తీసేది. రెండోది చోటు చూసి తీసేది. మొదటిదానిలో ప్రకటన వెలువడితేనే ఏడాది విపత్తు అవుతుంది, వెలువడకపోతే రైతు నోట్లో మట్టే. రెండోదానిలో ఎవరి దయా అక్కర్లేదు, లార్జ్ అనే ఫార్ములా పెద్ద అయిదింటినీ ఏరేస్తుంది. రైతు పక్షాన ఆలోచించి చేసిన మార్పే ఇది. కృష్ణా డెల్టా లాంటి చోట బాగానే పనిచేస్తుంది. ఊహించిన అంకెలే వేసి చూద్దాం: ఎకరానికి 2,400, 2,500, 2,350, 2,450, తుపాను ఏడాది 900, మళ్లీ 2,550, 2,300 కిలోలు. ఏడింటి సగటు 2,207. మేలైన అయిదింటి సగటు 2,450. తుపాను పోయింది, ఆ నేల ఎంత పండుతుందో అదే మిగిలింది.

కర్నూలు పడమటి మెట్ట మండలాల్లో ఇలా కుదరదు. ఆ వైపు ఒక ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని, కంది పంటకు ఏయే ఏళ్లు లెక్కలోకి తీసుకుంటారో వివరిస్తుంటే ఒక పెద్దాయన అడ్డొచ్చాడు.

"అంటే ఆ రెండేండ్లు మేము బతకల్యా సారూ?"

"అట్లా కాదు పెద్దయ్యా, మీ మంచికే తీసేస్తారు. చెడ్డ ఏళ్లు కలిస్తే హామీ తగ్గిపోతుంది."

"మంచికే అనుకో. మరి కరువు మాకు రెండేండ్లేనా వచ్చింది? మిగిలిన రెండు కరువేండ్లు యాల పెట్టుకుంటిరి?"

ఆ ప్రశ్నను లెక్కలోకి మార్చి చూడండి. మెట్ట ఊరి ఏడేళ్ల కంది, ఎకరానికి కిలోల్లో, మళ్లీ ఊహించిన అంకెలే: 600, 150, 550, 120, 200, 580, 180. మూడు మంచి ఏళ్లు, నాలుగు కరువు ఏళ్లు. ఏడింటి సగటు 340. నాసిరకం రెండూ, అంటే 120, 150 తీసేస్తే మిగిలిన అయిదింటి సగటు 422. ముప్పు ఎక్కువ కాబట్టి 70 శాతం. హామీ దిగుబడి 295 కిలోలకు వచ్చి ఆగింది. ఇప్పుడు ఆ ఊళ్లో 300 కిలోలు పండిందనుకోండి. మంచి ఏడాదిలో సగం పంట. పరిహారం ఒక్క రూపాయి రాదు. అదే నాలుగు కరువు ఏళ్లనూ కారణం చూసి పక్కన పెడితే, మంచి ఏళ్ల సగటు 577, దానిలో 70 శాతం 404. అదే 300 కిలోలకు బీమా మొత్తంలో నాలుగో వంతుకు కాస్త పైగా చేతికి వస్తుంది. పెద్దాయన బడికి ఎంతవరకు వెళ్లాడో నాకు తెలియదు గానీ, ఫార్ములా బలహీనత ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

బీమా కంపెనీ వైపు నుంచీ ఒక మాట ఉంది, దాన్ని దాటేయకూడదు. నాలుగు కరువులూ తీసేసి హామీ కడితే ప్రీమియం పెరుగుతుంది, అది ఖజానా మీద పడుతుంది. ఏడింటిలో నాలుగేళ్లు వచ్చేదాన్ని అసాధారణం అని ఎలా అంటారు అని కూడా వాళ్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఏడు అంకెలనూ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి: 120, 150, 180, 200, 550, 580, 600. సరిగ్గా మధ్యలో పడేది, బడిలో మధ్యగతం అని నేర్పేది, 200. అది కరువు ఏడాది. అంటే ఆ ఊళ్లో మధ్యలో ఉన్నది కరువు, కొసన ఉన్నది మంచి పంట. డెల్టాలో కూర్చున్న మనిషికి కొస అనిపించేది అక్కడ నడిమి. ఇంకా చూడండి, 340 గానీ 422 గానీ ఆ ఊళ్లో ఏ ఏడాదీ పండలేదు. 200కూ 550కీ మధ్య ఆ నేల ఎప్పుడూ ఆగలేదు. పండితే పండింది, ఎండితే ఎండింది. రెండు రకాల ఏళ్లున్న ఊరికి ఒకే సగటు కట్టాలనుకోవడంలోనే చిక్కు ఉంది. కొసలు కోసినా చిక్కు తీరదు, కోయకపోయినా తీరదు. అలాంటి ఊరికి మంచి ఏళ్ల సగటు ఒకటి, కరువు ఏళ్ల సగటు ఒకటి, ఎన్నేళ్లకు ఎన్ని కరువులో ఒకటి, మూడు అంకెలు రాయాలి. బీమా ఆ మూడింటి మీద కట్టాలి. నా మట్టుకు నేను ఇంతకంటే తక్కువతో ఒప్పుకోలేను.

కారణం చూసి తీసేయడం మన నేలకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ సెటిల్‌మెంటు చేసేటప్పుడు, భూమిశిస్తు కట్టడానికి ధాన్యాన్ని రూపాయల్లోకి మార్చే ధరను కరువు లేని ఇరవై ఏళ్ల సగటు మీద తీసుకునేవారు. కరువులో ధర ఆకాశానికి పోతుంది, అమ్మడానికి రైతు ఇంట గింజ ఉండదు. తను ఎన్నడూ చూడని ధర మీద శిస్తు కట్టమనడం అన్యాయం. శిస్తు బరువు గురించి చెప్పుకోవాల్సింది ఇంకా చాలా ఉన్నా, ఈ ఒక్క మినహాయింపు వెనుక మాత్రం కారణం ఉంది, ఆ కారణం కాగితం మీద రాసి ఉంది.

జనం జ్ఞాపకం సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. అది సగటు ఏళ్లన్నిటినీ వదిలేసి కొసలను మాత్రం దాచుకుంటుంది. గుంటూరు సీమకు నందన కరువు ఉంది, 1832 నాటిది. రాయలసీమకు 1876 నాటి ధాత కరువు ఉంది. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. మామూలుగా పండిన ఏడాదికి ఎవరూ పేరు పెట్టలేదు. ఇది మనుషుల అతిశయోక్తి అని కొట్టేయడానికి లేదు. నది ఒడ్డున కట్టేవాళ్లంతా ఈ జ్ఞాపకం ప్రకారమే కట్టాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. ఆ వరద తర్వాతే 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ వచ్చాయి. మూసీ సగటు ప్రవాహం చూసుకుని ఉంటే ఆ చెరువుల అవసరం ఎవరికీ కనబడేది కాదు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఆ ఆనకట్టను 19 లక్షలకు డిజైన్ చేశారు. కర్నూలు నగరం మునిగింది. వరద లెక్కల షీటులో ఆ ఒక్క రోజును 'అసాధారణం' అని తీసేస్తే మిగిలిన వరుస అంతా చూడముచ్చటగా ఉంటుంది. తర్వాతి ఆనకట్టకు అవసరమైన అంకె మాత్రం అందులో ఉండదు.

సున్నా సంగతి కూడా చెప్పాలి. ఎక్సెల్‌లో సగటు ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది. రెయిన్ గేజ్ చూడని రోజు గడి ఖాళీగా ఉండాలి, చూసి వాన లేదని తేలిన రోజు సున్నా ఉండాలి. ఈ రెండింటినీ ఒకటి చేసేస్తే వానల సగటుకు అర్థం పోతుంది. పంట కోతలో ఇది ఇంకా కటువుగా ఉంటుంది. ఊరికి నాలుగు ప్రయోగాలు చేశారు. రెండు చోట్ల కంది నిలువునా ఎండింది, తూకం సున్నా. మిగిలిన రెండు చోట్ల ఎకరానికి 150, 170 కిలోల లెక్క వచ్చింది. సగటు 80. సున్నాలు కొలత లోపాలై ఉంటాయనుకుని ఎవరో వాటిని వదిలేసి సగటు అడిగితే 160. దిగుబడి రెట్టింపైంది, పరిహారం ఆ మేరకు తగ్గింది. ఆ నాలుగు అంకెల్లో అన్నిటికంటే నిజమైనవి ఆ రెండు సున్నాలే.

అనుమానం వచ్చిన అంకెను ఏం చేయాలో ఒక పాత ఉదంతం బాగా చెబుతుంది. అంటార్కిటికా మీద ఓజోన్ పొర తరుగుతోందని హేలీ స్టేషన్ కొలతల ఆధారంగా ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించారు. అప్పటికే నాసా ఉపగ్రహం పైనుంచి కొలుస్తోంది. మరీ తక్కువగా వచ్చిన అంకెలను నాసా కంప్యూటర్లు పారేశాయని ఒక ప్రచారం ఉంది. పారేయలేదు. ఓజోన్‌ను కొలిచే డాబ్సన్ యూనిట్లలో 180కి తగ్గిన కొలతలకు అనుమానపు గుర్తు పెట్టి ఉంచాయి. చెరపలేదు కాబట్టే వాటిని మళ్లీ తీసి చూశారు, 1986లో ఓజోన్ పొరలోని ఆ రంధ్రం ఎంత మేర పరచుకుందో ఉపగ్రహం లెక్కలతోనే నిర్ధారించారు. గుర్తు పెట్టిన అంకె తిరిగి వస్తుంది. చెరిపేసిన అంకె రాదు.

షీట్లు తయారుచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇదే. వరుసను డిలీట్ చేయకండి. అంకె పక్కన 'కారణం' అని ఒక నిలువు వరుస పెట్టండి. కరువు, తుపాను, చుక్క తప్పు, తూకం యంత్రం పాడు, ఏదైతే అది రాయండి. యావరేజ్ ఇఫ్స్ అనే ఫార్ములా ఆ వరుసను చూసి, మీరు వద్దన్న కారణాలున్న అంకెలను మాత్రమే పక్కన పెట్టి సగటు కడుతుంది. ట్రిమ్‌మీన్ అంత చిటికెలో కాదు, ఒక్కో ఫారం తీసి చూడాలి, ఒక్కోసారి ఊరికి ఫోన్ చేయాలి. చేయండి. సగటు కింద ఎన్ని అంకెలు వదిలారో, ఎందుకు వదిలారో ఒక వాక్యం రాయండి. కారణం దొరకని అంకెను, అది ఎంత దూరాన ఉన్నా, ఉంచేయండి.

రైతులకు ఒక మాట. గ్రామ సచివాలయంలో మీ పంటకు హామీ దిగుబడి ఇంత అని చెప్పినప్పుడు, ఏ ఏడేళ్లు చూశారో, వాటిలో ఏ అయిదు తీసుకున్నారో, ఏడు అంకెలూ విడివిడిగా ఏమిటో అడగండి. నోటితో చెప్పకపోతే కాగితం మీద అడగండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.